గవర్నమెంటు వారి కంచం

రాష్ట్ర ప్రజలు తింటున్నది అన్నమా, కెమికలా అన్న సంగతి మూడు నెలల్లో తేల్చి పారేస్తామని ఆహార రక్షణ శాఖ మంత్రివర్యులు అచ్చిబాబు గారు రాజమండ్రిలో ప్రకటించారు. హాలు దద్దరిల్లేలా చప్పట్లు పడ్డాయి. మంత్రిగారు చెయ్యెత్తి చప్పట్లు ఆపించి, ఆ వాక్యాన్నే మళ్ళీ చదివారు. మొదటిసారి చదివినప్పుడు ఒక టీవీ కెమెరా ఇంకా స్టాండు మీదికి ఎక్కలేదు.

"ఇంతవరకూ వచ్చిన ప్రభుత్వాలన్నీ ప్రజల జేబుల్లోకి తొంగిచూశాయి. ప్రజల కంచంలోకి తొంగిచూసిన మొదటి ప్రభుత్వం మాది!" అన్నారు మంత్రిగారు. "ఫ్యాక్టరీలోంచి కాలవలోకి, కాలవలోంచి చేలోకి, చేలోంచి కంచంలోకి, కంచంలోంచి మనిషిలోకి ఏం వెళ్తోంది? ఎంత వెళ్తోంది? గ్రాముల్లో చెప్పమంటారా? చెప్పం. నానోగ్రాముల్లో చెప్తాం!"

నానో అన్న మాట దగ్గర చప్పట్లు ఇంకాస్త గట్టిగా పడ్డాయి. ఆ మాటకు అర్థం తెలిసినవాళ్ళు హాల్లో నలుగురైదుగురు కూడా లేరు. అందుకే దాని మీద ఎవరికీ ఏ అభ్యంతరమూ లేకపోయింది.

ఆఖరి వరసలో కూర్చున్న చలపతి కూడా చప్పట్లు కొట్టాడు. కొట్టకపోయినా అడిగేవాళ్ళు లేరు గానీ, అతనికి నిజంగానే సంతోషం వేసింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా అతను ఆహార రక్షణ శాఖలో శాంపిల్ ఆఫీసరు. ధవళేశ్వరంలో ఇల్లు, రాజమండ్రిలో ఆఫీసు, మధ్యలో స్కూటరు. ఈ ఇరవై తొమ్మిదేళ్ళలో ఎన్ని కారప్పొడి పొట్లాలు, ఎన్ని నూనె డబ్బాలు శాంపిల్ తీసి ల్యాబుకు పంపాడో లెక్కలేదు. ఇటుకపొడి తన కళ్ళతో చూసి మరీ పంపిన కారం కూడా 'సంతృప్తికరం' అనే తిరిగొచ్చేది. ల్యాబులో ఎవరో చాలా తృప్తిగా బతికే మనిషి ఉన్నాడని అనుకునేవాడు. వచ్చే ఏడు రిటైర్మెంటు. ఆలోగా ఒక్క రిపోర్టయినా ఉన్నది ఉన్నట్టు వస్తే చూసుకుని ఇంటికి పోవాలని అతని కోరిక.

మంత్రిగారి ప్రకటనకు కారణం తూముపాలెం. పాలకొల్లుకు అవతల పిల్లకాలవ ఒడ్డున ఉన్న చిన్న ఊరది. ఊరికి ఎగువన ఒక రంగుల ఫ్యాక్టరీ ఉంది. దాని మురుగు ఒక తూములోంచి నేరుగా కాలవలో పడుతుంది. ఫ్యాక్టరీలో ఇవాళ ఏ రంగు తయారవుతోందో తెలుసుకోవడానికి ఊళ్ళోవాళ్ళు ఎవర్నీ అడగక్కర్లేదు, కాలవ వైపు చూస్తే చాలు. ఆడవాళ్ళు పసుపు చీరలు పసుపు రోజున, ఆకుపచ్చవి ఆకుపచ్చ రోజున ఉతుక్కోవడానికి అలవాటు పడిపోయారు. తెల్ల పంచెలు మాత్రం ఆదివారాలే, ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు గనక.

ఇప్పుడా ఫ్యాక్టరీవాళ్ళు రెండో యూనిట్ పెడతామన్నారు. దానికి ఆహార రక్షణ శాఖ 'అభ్యంతరం లేదు' అని రాసివ్వాలి. రెండో యూనిట్ మాట దేవుడెరుగు, ముందు ఆ తూము మూయించండి మహాప్రభో అని ఊరివాళ్ళు రెండేళ్ళుగా వారం తప్పకుండా మంత్రిగారి ఇంటికెళ్ళి అర్జీలిస్తున్నారు. మంత్రిగారిది ఎటూ మొగ్గని మనస్తత్వం. "తూముపాలెం ప్రజల కంచంలో కెమికల్ ఉందని రిపోర్టు వస్తే ఆ మర్నాడే తూముకు సిమెంటు పోయిస్తా. లేదని వస్తే రెండో యూనిట్‌కు నేనే శంకుస్థాపన చేస్తా" అని తేల్చి చెప్పేశారు. శాంపిల్స్ తీసే బాధ్యత చలపతి మీద పడింది.

ఎలా తీయాలో నేర్పడానికి హైదరాబాదు నుంచి డాక్టర్ శరత్‌చంద్ర గారు వచ్చారు. ఆయన ఇలాంటి స్టడీలు డిజైన్ చేయడంలో పేరున్న మనిషి. పద్ధతి చాలా సులువు. నలభై ఇళ్ళు ఎంచుకోవాలి. మూడు రోజుల పాటు ఇంటికొక మనిషి ఏం తింటే అదే, ఎంత తింటే అంతే, ఇంకో కంచంలో తీసి పక్కన పెట్టాలి. ఆ రెండో కంచాన్ని ల్యాబుకు పంపితే, మనిషి పొట్టలోకి ఏం పోయిందో పొట్ట కొయ్యకుండా తెలిసిపోతుంది. రెండో విడతలో రక్తం తీస్తారు.

మొదటి ఇల్లు అచ్చాయమ్మది. కొడుకు అప్పాజీ రెండెకరాల వరి చేస్తాడు, ఖాళీ ఉన్నప్పుడు కాలవలో వల వేస్తాడు. కోడలు మధులతకు ఐదో నెల. చలపతి అరుగు మీద కూర్చుని క్యారేజీ చూపిస్తూ పద్ధతంతా వివరించాడు.

"అంటే ఏంటండి, మేం తిన్నంతా గవర్నమెంటు కూడా తింటదాండి?" అంది అచ్చాయమ్మ.

"తినదండి. పరీక్ష చేస్తుంది."

"పోన్లెండి. తిన్నా తప్పేముంది? గుమ్మంలోకొచ్చినోళ్ళకి పెట్టకుండా పంపుతామా ఏంటి."

ఆ మాట దగ్గరే చలపతి ఉలిక్కిపడి ఉండాల్సింది. పడలేదు. అప్పటికే ఆమె కోడలి సంగతి ఎత్తుకుంది.

"దీనికి మొదటి కాన్పు ఎనిమిదో నెల్లో పోయిందండి బాబూ. ఈసారి మంచి నీళ్ళు, మంచి తిండి పెట్టమంది డాక్టరమ్మ. ఎక్కణ్ణించి తెమ్మంటారు? బియ్యం ఈ నీళ్ళయ్యే, తోటకూర ఈ నీళ్ళదే, చేప ఈ నీళ్ళదే. పుట్టింటికి పంపుదామంటే వాళ్ళదీ ఇదే కాలవ, రెండూళ్ళ కింద. ఆ తూము మూస్తేగానీ దీనికి దారి లేదండి. మీ రిపోర్టు మంచిగా రాయండి బాబూ, మీకు పుణ్యముంటది."

"నేను రాయక్కర్లేదండి. మీ కంచమే చెప్తుంది" అన్నాడు చలపతి. తన నోటి నుంచి అంత మంచి మాట వచ్చినందుకు అతనికే ముచ్చటేసింది.

మర్నాడు పన్నెండింటికి వెళ్ళేసరికి అచ్చాయమ్మ ఇంటి ముందు ముగ్గు పెట్టి ఉంది. క్యారేజీ పసుపు కుంకాలతో సిద్ధంగా ఉంది. చలపతి మూత తీశాడు. మొదటి గిన్నెలో పనసపొట్టు కూర, పులిహోర. రెండో గిన్నెలో గారెలు. మూడో గిన్నెలో నెయ్యి తేలుతున్న ముద్దపప్పూ సన్నబియ్యం అన్నమూ. నాలుగో గిన్నెలో ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా. పైన తాంబూలం.

"అచ్చాయమ్మ గారూ, ఇదేంటండి?"

"గవర్నమెంటు వారి కంచమండి. పెసర బూరెలు కూడా వేద్దామనుకున్నా గానీ గిన్నెలు చాల్లేదు. అయిదు గిన్నెల క్యారేజీ ఇవ్వాల్సిందండి మీరు."

"మీరు తిన్నదే పెట్టమన్నాను కదండీ. ఇవాళ మీరేం తిన్నారు?"

"మాదేముందండీ, రాత్రి మిగిలిన చద్దన్నం, చిన్న పరిగె చేపల పులుసు. అది గవర్నమెంటుకి పెడతామాండి? పరువుండొద్దా? కూరలన్నీ పాలకొల్లు నుంచి తెప్పించాం. బియ్యం కొట్లోవి. వంటకి కూడా క్యాన్ నీళ్ళే వాడాం. ఊళ్ళో నీళ్ళతో వండి గవర్నమెంటుకి ఏదన్నా అయితే మాటొస్తది కదండి."

మాటొస్తేనే కదా తూము మూసేది అని చలపతికి అరవాలనిపించింది. అరవలేకపోయాడు, ఎందుకంటే అప్పటికే అతని ముందు ఆకు వేశారు. తినొచ్చానండి అన్నా వినలేదు. గోదావరి జిల్లాల్లో ఇరవై తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసిన మనిషి, వాళ్ళు వింటారని ఎందుకనుకున్నాడో తెలియదు.

మిగతా ముప్పై తొమ్మిది ఇళ్ళలోనూ అదే వరస. ఒకరింట్లో గవర్నమెంటుకు రొయ్యల వేపుడు పెట్టారని విని పక్కింటివాళ్ళు కోడి పలావు పెట్టారు. మూడో ఇంటి బుల్లిరాజు యానాం నుంచి తెప్పించిన క్వార్టరు సీసా ఒకటి క్యారేజీ పక్కన పెట్టి, ఫారంలో 'ద్రవపదార్థాలు' అన్న గడి చూపించాడు.

"మీరేది తాగితే అదే పెట్టమన్నారు కదండి. నా వంతు నేను కానిచ్చేశాను. ఇది గవర్నమెంటోరిదండి" అన్నాడు. ఊరు మొత్తం మీద పద్ధతి సరిగ్గా పాటించింది అతనొక్కడే.

సాయంత్రం చలపతి నలభై ఇళ్ళవాళ్ళనూ రామాలయం దగ్గర కూర్చోబెట్టి చేతులు జోడించి చెప్పాడు. "అమ్మా, అయ్యా. ఇది చుట్టాలకు పెట్టే కంచం కాదు. మీరు తిన్నదీ, గవర్నమెంటుకు పెట్టిందీ రెండూ ఒకటే అయ్యుండాలి. తేడా ఉంటే స్టడీ చెడిపోతుంది. స్టడీ చెడిపోతే తూము మూయరు." తూము పేరెత్తగానే అందరూ గంభీరంగా తలూపారు. అచ్చాయమ్మ లేచి, "ఆయ్, అర్థమయిందండి. రెండూ ఒకటే అయ్యుండాలి. మీరు నిశ్చింతగా ఉండండి" అంది.

రెండో రోజు వెళ్ళి క్యారేజీ తెరిస్తే ముందు రోజు కన్నా రెండు కూరలు ఎక్కువున్నాయి. చలపతి ప్రాణం ఉసూరుమంది. అచ్చాయమ్మ మాత్రం వెలిగిపోతోంది.

"మీరు చెప్పినట్టే చేశామండి. మేమూ ఇదే తిన్నాం. ఇంటిల్లిపాదీ. కావాలంటే మా కోడల్ని అడగండి. ఒసే మధులతా, చెప్పవే."

"అవునండి. గుత్తొంకాయ కూడా తిన్నాం. గవర్నమెంటు రోజూ వస్తే బాగుణ్ణండి" అంది మధులత సిగ్గుపడుతూ.

ఊరు ఊరంతా అలాగే చేసింది. రెండు కంచాలూ ఒకటే అయ్యుండాలి అన్నారు గనక, గవర్నమెంటు కంచాన్ని తమ స్థాయికి దింపలేక తామే గవర్నమెంటు స్థాయికి ఎక్కారు. ఆ మూడు రోజులూ తూముపాలెంలో పండగ వాతావరణం నెలకొంది. ఫారంలో 'ఇది మీ ఇంట్లో మామూలు భోజనమేనా?' అని ఒక ప్రశ్న ఉంది. "గవర్నమెంటు వచ్చిన రోజుల్లో మాకు ఇదే మామూలండి" అన్నది అచ్చాయమ్మ. అది అబద్ధమని రాయడానికి ఫారంలో గడి లేదు. నలభై ఇళ్ళకూ కలిపి నూట ఇరవై కంచాలు లక్షణంగా, నిబంధనల ప్రకారం, ల్యాబుకు చేరాయి.

ల్యాబులో వాటిని ఏ కంచానికా కంచం మిక్సీలో వేసి తిప్పి, ముద్ద చేసి, మిషన్‌లో పెట్టారు. రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. వెతికిన రసాయనం పేరు లైనున్నర పొడుగుంది. దాని ఎదురుగా నూట ఇరవై గడుల్లోనూ 'లేదు' అని ఉంది. కింద పాత పరిచితుడి చేతిరాత లాగా 'సంతృప్తికరం'.

అచ్చిబాబు గారు ప్రెస్‌మీట్ పెట్టారు. "తూముపాలెం సామాన్యుడి కంచంలో పనసపొట్టు, పప్పు, నెయ్యి, పూతరేకులు ఉన్నాయని నా దృష్టికి వచ్చింది. మా పాలనలో సామాన్యుడు ఏం తింటున్నాడో అడిగే ప్రతిపక్షానికి ఇదే నా సమాధానం. కెమికల్ వెతకబోతే సౌభాగ్యం దొరికింది!" అన్నారు. ఊరికి 'ఉత్తమ కంచం' అవార్డు కూడా ప్రకటించారు. రెండో యూనిట్ ఫైలు టేబుల్ మీదికి వచ్చింది.

అవార్డు వార్త విని తూముపాలెం ముందు సంతోషించింది. తర్వాత నెమ్మదిగా విషయం బోధపడింది. చలపతి వెళ్ళేసరికి అచ్చాయమ్మ గుమ్మంలో ముగ్గు లేదు. "మేం మర్యాద చేశామనుకున్నాం గానీ, తప్పు చేశామాండి?" అని అడిగింది. చలపతి ఆమె మీద కోపం తెచ్చుకుందామని దారి పొడుగునా ప్రయత్నించాడు గానీ, ఆ మొహం చూశాక రాలేదు.

"ఇంకా రక్తం ఉందండి" అన్నాడు. "కంచంలో ఏమన్నా పెట్టొచ్చు. ఒంట్లో ఉన్నది మార్చలేరు కదా. రెండో విడత అయ్యేదాకా ఫైలు మీద సంతకం పడదు."

నిజంగానే అదొక్కటే ఆశ. రక్తానికి పసుపు కుంకాలు పెట్టగలరు గానీ పాలకొల్లు నుంచి తెప్పించలేరు. నలభై మందికీ రక్తం తీశారు. ఇంకొక్క మనిషిది కావాలి. కెమికల్ సోకని, మంచి నీళ్ళు తాగే, దూరంగా ఉండే మనిషి. ఆ మనిషి రక్తాన్ని మామూలుగా అనుకుని, మిగతావాళ్ళది దానితో పోల్చి చూస్తారు. ఎవరిది తీసుకుందామని డాక్టర్ శరత్‌చంద్ర గారు అడుగుతుండగానే అచ్చిబాబు గారు చొక్కా చెయ్యి పైకి మడిచారు.

"ప్రజల కోసం రక్తం ధారపోస్తానని ఎన్నికలప్పుడు మాటిచ్చాను. తీసుకోండి!"

కెమెరాలన్నీ ముందుకొచ్చాయి. నర్సు తీసింది అయిదు మిల్లీలీటర్లు. సరిపోతుందా, ఇంకా తీసుకోమ్మా అని మంత్రిగారు మూడుసార్లు బతిమాలారు. ఆ వీడియో సాయంత్రానికి ప్రతి ఫోన్లోనూ ఉంది.

నెల తిరిగాక కవరు వచ్చింది. చలపతి దాన్ని ఆఫీసులో తలుపు వేసుకుని విప్పాడు. తూముపాలెం నలభై మంది సగటు, మిల్లీలీటరు రక్తానికి పద్నాలుగు నానోగ్రాములు. ఉంది! ఉన్నదని మొదటిసారి ఒక కాగితం ఒప్పుకుంది! ఆఖరి గడిలో మంత్రిగారి సంఖ్య చూసి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. రెండు వందల పన్నెండు.

ఇది ఎలా సాధ్యమో అతనికి అంతుపట్టలేదు. మంత్రిగారికీ ఈ ఊరికీ మధ్య నడిచేవి వారం వారం అర్జీలే. స్కూటరేసుకుని తూముపాలెం వెళ్ళాడు. అచ్చాయమ్మ కొడుకు అప్పాజీ వల బాగుచేసుకుంటున్నాడు.

"అప్పాజీ గారూ, మంత్రిగారింటికి అర్జీలిచ్చేటప్పుడు ఇంకేమన్నా ఇచ్చేవారా?"

"మరి ఉత్త చేతుల్తో ఎలా వెళ్తామండి?" అన్నాడు అప్పాజీ. "అర్జీతో పాటు ఒక బొచ్చె చేప. తూము దగ్గర గుంటలో దొరుకుతాయండి, ఇంతింత లావు. పదేసి కేజీలుంటాయి. మేం పరిగెలు తింటాం గానీ అంత చేప మేమెక్కడ తింటామండి, పెద్దోళ్ళకే పంపాలి. మంత్రిగారికి తలకాయా, గుడ్ల జనా అంటే ప్రాణమంట. అర్జీ చదివారో లేదో తెలీదు గానీ చేప బావుందని మాత్రం ప్రతిసారీ కబురు చేసేవారండి."

రెండేళ్ళు, వారానికొక అర్జీ, అర్జీకొక చేప. చలపతికి డాక్టర్ శరత్‌చంద్ర గారి క్లాసు గుర్తొచ్చింది. చేప ఎంత పెద్దదైతే అంత ఎక్కువ కాలం ఆ నీళ్ళు తాగి ఉంటుంది. విషమంతా కొవ్వులో, తలలో, జనలో చేరుతుంది. తూము మూయించమని మొర పెట్టుకున్న ప్రతిసారీ ఈ ఊరు ఆ తూములోని సారమంతా తీసి, ప్రేమగా, మంత్రిగారి కంచంలో వడ్డించింది.

అతనికి జాలి వేయాలి. అబద్ధమెందుకు, సంతోషం వేసింది. ఊరి కోసం మూయకపోయినా, తన లివర్ కోసమైనా మంత్రిగారు తూము మూస్తారు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ప్రపంచంలో ఎవరు తేగలరు? దారిలో అచ్చాయమ్మ కనిపిస్తే స్కూటరు ఆపి మరీ, "పని అయిపోయినట్టేనండి" అని చెప్పేశాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి అతనికి దణ్ణం పెట్టింది. అప్పటికి మధులతకు ఏడో నెల నడుస్తోంది.

మర్నాడు మంత్రిగారి గదిలో నలుగురే ఉన్నారు. మంత్రిగారు, పి.ఏ. గణేష్‌బాబు, డాక్టర్ శరత్‌చంద్ర గారు, చలపతి. మంత్రిగారు కాగితం చదివి బల్ల మీద పెట్టారు.

"నాకు రెండొందల పన్నెండు, వాళ్ళకి పద్నాలుగు. ఎవరిది మంచి మార్కు?"

డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "సర్, మన స్టడీ డిజైన్ ప్రకారం పోల్చడానికి తీసుకున్న మనిషిది నార్మల్ అనుకుని..."

"అనుకుని ఏంటి? నార్మలే కదా?"

"నార్మలే సర్" అన్నారు డాక్టరుగారు. "ఆ లెక్కన తూముపాలెం వాళ్ళకి నార్మల్ కన్నా తొంభై మూడు శాతం తక్కువుంది సర్."

"తక్కువుండటం మంచిదే కదా?"

"చాలా మంచిది సర్."

మంత్రిగారు ఎప్పుడూ లేనంత మెల్లగా, "ఇది ఒంట్లోంచి పోతుందా డాక్టరుగారూ?" అని అడిగారు.

"ఏళ్ళు పడుతుంది సర్. ముందు ఆ చేపలు ఆపాలి."

"తూము మూసేస్తే సరిపోతుంది సర్" అన్నాడు చలపతి. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో అడక్కుండా మాట్లాడటం అతనికదే మొదటిసారి.

మంత్రిగారు అతని వైపు ఎంతో ఆప్యాయంగా చూశారు. "చలపతి గారూ, చేప ఆపితే సరిపోయేదానికి తూము దాకా ఎందుకండి?"

గణేష్‌బాబు రిపోర్టు ఆఖరి పేజీ చలపతి ముందు పెట్టాడు. కింద 'సంతృప్తికరం' అని అప్పటికే టైపు చేసి ఉంది. శాంపిల్ ఆఫీసరు సంతకం ఒక్కటే కావాలి. చలపతి పెన్ను తీశాడు. సంతకం చేస్తున్నంతసేపూ సిగ్గేసింది. కానీ చేశాడు.

"తూముపాలెం ప్రజలు నాకన్నా పదిహేను రెట్లు ఆరోగ్యవంతులు!" అని అచ్చిబాబు గారు ఆ సాయంత్రమే ప్రకటించారు. ఒక మంత్రి తన ఒంటినే కొలబద్దగా పెట్టి ప్రజల ఆరోగ్యం కొలవడం చరిత్రలో ఇదే మొదటిసారని, సంఖ్యలు ఆయనే స్వయంగా బయటపెట్టడం నిజాయితీకి పరాకాష్ఠ అని పేపర్లు రాశాయి. మర్నాటి నుంచి మంత్రిగారింట్లో అర్జీలు ఆన్‌లైన్లో మాత్రమే తీసుకుంటున్నారు.

మరో నెలకు శంకుస్థాపన. కాలవ గట్టున షామియానా వేశారు. మంత్రిగారు వస్తున్నారని ఫ్యాక్టరీకి రెండు రోజుల ముందే సెలవిచ్చారు. దాంతో కాలవలో నీళ్ళు నీళ్ళలాగే కనిపించి, ఊళ్ళో పిల్లలు వింతగా చూడటానికి వచ్చారు. మంత్రిగారు కొబ్బరికాయ కొట్టి, రాయి వేసి, గంటసేపు మాట్లాడారు. తర్వాత భోజనాలు.

భోజనాలు ఊరివాళ్ళవే. తూము మూయలేదని ఏడుపు లేదా అంటే ఉంది. అయినా గుమ్మంలోకి వచ్చిన మనిషికి పెట్టకుండా పంపడం వాళ్ళకు చేతకాదు. అచ్చాయమ్మ తెల్లవారుజాము నుంచి గాడిపొయ్యి దగ్గరే ఉంది. ఈసారి పాలకొల్లు నుంచి తెప్పించే ఓపిక ఎవరికీ లేదు. ఊరి బియ్యం, ఊరి కూరలు, ఊరి చేప.

మంత్రిగారు ఆకు ముందు కూర్చున్నారు. అచ్చాయమ్మ పళ్ళెంలో అన్నం, గరిటె పట్టుకొచ్చింది. అప్పుడు గణేష్‌బాబు కారులోంచి నాలుగు గిన్నెల క్యారేజీ, ఒక నీళ్ళ సీసా తీసుకొచ్చి ఆకు పక్కన పెట్టాడు.

"పథ్యమమ్మా. డాక్టర్లు చెప్పారు" అన్నారు మంత్రిగారు నొచ్చుకుంటూ. "వాసనకే నా కడుపు నిండిపోయిందనుకో."

ఆకు ముందు కూర్చుని అందులో వడ్డించనివ్వని మనిషిని ఆ ఊరు ఇంతవరకూ చూడలేదు. రెండాకుల అవతల కూర్చున్న చలపతి తలెత్తలేకపోయాడు. అచ్చాయమ్మ అతనికి వడ్డించినప్పుడు మాత్రం చెయ్యి అడ్డం పెట్టలేదు. చేప ముక్క కూడా వేయించుకుని తిన్నాడు.

తర్వాత అచ్చాయమ్మ మళ్ళీ మంత్రిగారి ముందుకొచ్చి నిలబడింది. క్యారేజీ లోకి పరిశీలనగా చూసింది.

"ఆ బియ్యం ఎక్కడియ్యండి బాబూ?"

"కొండ మీద పండినవమ్మా. ఏజెన్సీ నుంచి వస్తాయి."

"కూరలండి?"

"అవీ అక్కణ్ణించే."

"మరి నీళ్ళో?"

"అవి కొంచెం దూరం నుంచి వస్తాయిలే" అన్నారు మంత్రిగారు. కెమెరాలు దగ్గరికి రావడం చూసి నవ్వు మొహం పెట్టారు. "ఎందుకమ్మా, నీకు ఏం కావాలో అడుగు."

అచ్చాయమ్మ గరిటె పళ్ళెంలో పెట్టి, పమిటతో చేతులు తుడుచుకుంది. "మాకు ఆఫీసరు గారు పద్ధతి నేర్పారండి. మీరు ఏం తింటే అదే, ఎంత తింటే అంతే, ఇంకో కంచంలో తీసి పక్కన పెట్టించండి. అది మా కోడలికి పంపించండి బాబూ. దానికిప్పుడు ఎనిమిదో నెలండి. కాన్పయ్యేదాకా చాలండి. ఆ తర్వాత అడగను."

మంత్రిగారు మైకు అందుకున్నారు. ఆయన గొంతు గద్గదమైంది.

"చూశారా! ఈ తల్లి అభిమానం చూశారా! ఇంత విందు వండి కూడా, నా కంచంలో మెతుకులే తన కోడలికి ప్రసాదమంటోంది! రాజకీయాల్లో నాకింకేం కావాలి? ఇటువంటి ప్రేమకు నేను ఏ జన్మలో రుణం తీర్చుకోగలను!"

చప్పట్లతో షామియానా ఊగిపోయింది. పక్కనే ఉన్న ఫ్యాక్టరీ మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడు. టీవీవాళ్ళు అచ్చాయమ్మను మంత్రిగారి పక్కన నిలబెట్టి ఫొటోలు తీశారు. ఆమె ఫొటో అయ్యేదాకా, చప్పట్లు ఆగేదాకా ఓపిగ్గా ఆగింది.

"మరి రేపట్నుంచి పంపుతారాండి?" అని అడిగింది.

అప్పటికే గణేష్‌బాబు క్యారేజీ మూతలు బిగించి కారులో పెట్టించేశాడు.